సయాం దంచుడు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మాకు దొరికిన ఇల్లు గొడ్ల కొట్టం. ఎగతాళికి చెప్పడం లేదు. గోడకు కట్టుగూటాలు అట్లే ఉండె, వాటికే నేను చీరలు తగిలించేదాన్ని. ఇల్లుగలాయన ఎద్దుల్ని అమ్మి, మేతేసే గాడి మీద బండలు పరిపించి, సున్నం కొట్టించి, "రెండు రూములప్పా, గాలి బాగా వస్తాది" అని మాకు బాడిగకిచ్చినాడు. గాలి వచ్చే మాట నిజమే. దాంతోపాటు ఎద్దుల వాసన కూడా వచ్చేది. ఊర్లో యాడ చూసినా ఇదే కత. మద్రాసు నుంచి మందలు మందలుగా దిగిన గుమాస్తాలకు ఇండ్లు లేవు, ఆఫీసులకు మిద్దెలు లేవు. ఎద్దులుండల్సిన తావులో గుమాస్తాలు, గుమాస్తాలుండల్సిన తావులో డేరాలు. మా ఆయన డేరా ఆఫీసులో గుమాస్తా. గాలిదుమారం లేస్తే కాగితాల మీద అడ్డం పడుకోవడం కూడా ఆయన ఉద్యోగంలో భాగమే.

నాకప్పుడు పద్దెనిమిదేండ్లు. వేంపల్లె నుంచి కాపురానికొచ్చి ఏడాది కూడా కాలేదు. మాతో మా అత్త ఉండేది. ఓర్వకల్లు పక్కన పల్లె ఆమెది. నోరు తెరిస్తే వీధిలో పడుకున్న కుక్కలు లేచి పక్క వీధికి పోవల్సిందే. కోడి గుడ్డు పెట్టకపోయినా తిట్టేది, పెడితే ఇంత చిన్నదేందని తిట్టేది. నన్ను మాత్రం శానా తిట్టేది కాదు. కోడిని తిడతా నా పక్క చూసేది, అంతే. అది చాలు గదా.

కొట్టం వెనక ఎద్దుల కాలం నాటి పెంటదిబ్బ ఉన్నింది. దాని మీద మా అత్త దోసపాదు వేసింది. ఆ ఎద్దుల పుణ్యమా అని కాయలు విరగకాసినాయి. ఆమెకొక అలవాటు ఉన్నింది. కాయ పిడికిలంత అయితానే దాని నడుం మీద బొటనవేలి గోటితో చంద్రవంక మాదిరి ఒక గాటు పెట్టేది. కాయ పెరిగేకొద్దీ ఆ గాటు మానిపోయి, తెల్లటి మచ్చయి నిలిచిపోయేది. ఎవురైనా దొంగిలించి సంతలో పెట్టుకున్న్యా, పోయి కాలర్ పట్టుకోవచ్చునంట. వాళ్ళ పల్లెలో ఆడోళ్ళందరూ అట్లే చేస్తారంట. దోసకాయ కోసం సంతలు తిరిగి కాలర్లు పట్టుకునేదానికి తీరికుండే మనిషేనా అని నేను మనసులో నవ్వుకునేదాన్ని.

ఇంతలో నేను నీళ్ళు పోసుకున్న్యా. ఇంక చూడు నా అవస్థ. మూడో నెల దాటినా వేవిళ్ళు నన్ను విడవలేదు. సంగటి చూస్తే కక్కు, అన్నం చూస్తే కక్కు, పక్కింట్లో తిరగమోత వేస్తే ఇక్కడ కక్కు. మా అత్త చింతచిగురు పప్పు చేసింది, ఊరిబిండి నూరింది, ఉప్పులో మాగిన ఉసిరికాయ తెచ్చింది. పెట్టింది పెట్టినట్లే బయటికొచ్చింది. ఆఖరికి నీళ్ళు కూడా కడుపులో నిలవలేదు. మొహం పీక్కుపోయి, గాజులు మోచేతి దాకా జారతాండె.

ఆడోళ్ళ ఆసుపత్రిలో డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకొని చూసి, నాతో కాదు, మా అత్తతో చెప్పింది. "ఈ పిల్ల తినకపోతే కడుపు నిలబడదు. ఏం తింటాదో అది పెట్టండి." ఒక సీసా నిండా గులాబీరంగు మిక్చరు ఇచ్చినారు. సీసాకు పక్కన మోతాదుకొక గీత వచ్చేట్లు కత్తిరించిన కాగితం అంటించి, పొద్దున ఒక గీత, సాయంత్రం ఒక గీత తాగమన్న్యారు. మూడు దినాలకొకసారి ఖాళీ సీసా తీసుకుపోయి నింపించుకొని రావల్ల.

ఆ దినం దోవంతా మా అత్త మాట్లాడలేదు. కుక్కలు కూడా లేవలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటా, గోడతో చెప్పినట్లు చెప్పింది. "మీ ఆయనకు ముందర నాకు రెండు కడుపులు పోయినాయి." అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాకు భయమేసింది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు ఆమెది మాదిరి లేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చినాడు. ఆయన కంటే ముందు ఒక వాసన వచ్చింది. మా అత్త ముక్కు మూసుకొని, "ఏంరా, చచ్చిన ఎలక మీద కూర్చోని వచ్చినావా?" అనింది. ఆయన అంగీ వాసన చూసుకొని, డేరాలో కొత్త టార్పాలిన్ వేసినారని ఏందో అబద్ధం చెప్పినాడు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. ఆ చచ్చిన ఎలక వాసనకు నాకు నోట్లో నీళ్ళూరినాయి! నాలుగు నెలల్లో మొదటిసారి నాకు ఆకలయింది. ఆయన్ను వెనక పెంటదిబ్బ కాడికి పిలిచి, "నిజం చెప్పు, ఏం తిన్న్యావు?" అని నిలదీసినా.

"సయాం హోటల్లో దంచుడు తిన్న్యా. మాయమ్మకు చెప్పొద్దు."

"నాకది కావల్ల."

ఆయన ముఖం చూడల్ల అప్పుడు. కడుపుతో ఉండే ఆడమనిషి కోరింది పెట్టకపోతే పుట్టే బిడ్డకు చెవిలో చీము కారతాదని మావైపు పిల్లాజెల్లా అందరికీ తెలుసు. ఒక పక్క బిడ్డ చెవి, ఇంకొక పక్క అమ్మ నోరు. పాపం, ఆయన శానాసేపు ఆలోచించి చెవి పక్షానికి వచ్చినాడు.

సయాం హోటలంటే హోటలేం కాదు. ఆసుపత్రి నుంచి బస్టాండుకు పోయే దోవలో నాలుగు వెదురుబొంగులు నాటి, పైన రేకు వేసి, రెండు బెంచీలు వేసినారు. గుమాస్తాలు, జవాన్లు, లారీ డ్రైవర్లు, జట్కావాళ్ళు, ఒకరి మోకాలు ఒకరికి తగలకుండా కూర్చోలేరు. దుమ్ము, హారన్లు, గుర్రాల సకిలింపులు, వాటి మధ్యలో ధన్ ధన్ అని రోకటి పోటు. ఆ కొట్టు పెట్టినాయన్ను అందరూ సయామప్ప అంటాండె. ఆయన భార్యది సయాం దేశమే. పొట్టిగా, పసుపుపచ్చగా, వెంట్రుకల కొసలు కొప్పులో దోపి, మన చీరే కట్టుకొని, కట్టెరోలు ముందర నిలబడి దంచుతాండె. తెలుగు ఆమెకు పదిమాటలకు మించి రావు. నవ్వు మాత్రం బాగా వచ్చు.

దంచుడంటే ఏందో చెప్తా. పచ్చికాయ ఏదో సన్నగా తురిమి, తడిగుడ్డ కప్పి బేసిన్లో పెట్టుకుంటారు. రోట్లో మిరపకాయలు, తెల్లగడ్డలు, వేంచిన చెనిక్కాయలు, చింతపులుసు, బెల్లం వేసి దంచి, అందులో ఆ తురుము వేసి మళ్ళీ నాలుగు పోట్లు పొడుస్తారు. ఆఖర్న జాడీలోంచి ఒక గరిటె నల్లటి నీళ్ళు పోస్తారు. అవి చేపల నీళ్ళు. తుంగభద్ర చేపపిల్లల్ని ఉప్పేసి జాడీలో నెలల తరబడి మాగబెట్టి తీసిన నీళ్ళు. ఆ వాసనకే మా అత్త చచ్చిన ఎలక అని పేరు పెట్టింది. నిజం చెప్పల్లంటే ఆమె ఎలకను మెచ్చుకున్నట్లే.

నా మాట వింటానే సయామప్ప తలెత్తినాడు. "యా ఊరు తల్లీ?"

"వేంపల్లె."

"అట్ల చెప్పు! మా పక్కమ్మాయివే." ఆయనది వేంపల్లె పక్కన పల్లెలో క్రైస్తవుల పేట. కరువులో ఓడెక్కి మలయా రబ్బరు తోటలకు పోతే, యుద్ధంలో జపానువాళ్ళు పట్టుకొనిపోయి సయాంలో రైలుకట్ట వేయించినారంట. తనతో పోయినోళ్ళలో తిరిగొచ్చింది ఎంతమందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ దేశం పట్నంలో ఒక రోడ్డుపక్క కొట్టులో గిన్నెలు కడగబోయి, వంట నేర్చుకొని, కొట్టుగలామె కూతుర్ను చేసుకొని వచ్చేసినాడు.

ఒక మాట ఒప్పుకోవల్ల. మా ఊర్లో ఆ పేట మనుషుల్ను, నాయన వయసు వాళ్ళనైనా సరే, మేము ఒరే అనేవాళ్ళం. వాళ్ళు ముట్టిన నీళ్ళు తాగేవాళ్ళం కాదు. అది తప్పని నాకెవురూ చెప్పలేదు, నేనూ ఆలోచించలేదు. ఆ దినం దంచుడు పెట్టిన ఆకు నా చేతికి రాంగానే, "ఇంకొంచెం పెట్టన్నా" అని నా నోట్లోంచి వచ్చింది. ఎట్ల వచ్చిందో తెల్దు. ఆకలి అంత మంచి పంతులు ఇంకొకడు లేడు.

తినేసినాక బెంచీ మీద కూర్చోని కక్కు కోసం ఎదురు చూసినాం. మా ఆయన పాత పేపరు పరిచి పట్టుకొని సిద్ధంగా ఉండె. రాలేదు. "ఇంకొంచెం చూద్దాం," అన్న్యాడు. ఇంకొంచెం చూసినాం. అప్పుడు కూడా రాలేదు. నేను ఇంకొక ఆకు తిన్న్యా. ఆయన ఆ పేపరుతో కండ్లు తుడుచుకున్న్యాడు, మిరపకాయ ఘాటు అని చెప్పినాడు గానీ.

ఆపొద్దు నుంచి నా దొంగ బుద్ధికి రెక్కలొచ్చినాయి. మిక్చరు సీసా నింపించుకొని రావల్సిన దినం ఎట్లా ఆసుపత్రి దోవలో పోవల్ల గదా. పోయి, సీసా నింపించుకొని, సయామప్ప కొట్లో కడుపు నింపుకొని వచ్చేదాన్ని. తిరిగొచ్చే ముందు నోట్లో రెండు తమలపాకులు వేసుకొని, తలలో మూర మల్లెపూలు పెట్టుకొని, ఇంక ఎవురికీ వాసన రాదులే అని ధీమా. రెండోసారి పోయినప్పుడు రుచి రవ్వంత మారినట్లనిపించింది. ఇంకా కరకరమని, ఇంకా బాగుండె. చెయ్యి తిరిగిందిలే అనుకున్న్యా.

మూడు దినాలు నాకు ఆగదు. అందుకని మిక్చరు తాగకుండా గాడి పక్క కాలవలో పారబోసేదాన్ని. దాన్లో ఒక వింత జరిగింది. నేను రెండు గీతలు పారబోస్తే సీసాలో మూడు గీతలు తగ్గేవి. మూడు పారబోస్తే అయిదు. సీసాకు చిల్లి ఉండాదేమోనని ఎండకు పట్టి చూసినా, లేదు. మా అత్త అయితే సీసా ఖాళీ అయ్యేలోపలే, "ఏమ్మే, మందు అయిపోవచ్చినట్లుండాదే, పోయి తెచ్చుకోరాదూ," అని తరిమేది. నాకంటే ఆమెకే తొందర. ఇరుగమ్మలతో, "మిక్చరు శానా బాగా పనిచేస్తాండాది. పిల్ల మొహంలోకి నెత్తురొచ్చింది సూడండి," అని చెప్పేది. నేను లోపల కూర్చోని, పాపం అమాయకురాలు అనుకునేదాన్ని.

అప్పుడే ఆమెకు భక్తి కూడా ముదిరింది. అంతకుముందు గుడి ఎరగని మనిషి, తెల్లారి స్నానం చేసి, "ఆంజనేయస్వామి గుడికి పోయొస్తా" అని పోయేది. వచ్చినాక మజ్జిగ కూడా ముట్టకుండా, మొహం వేలేసుకొని గోడకానుకొని కూర్చునేది. ఒక్కపొద్దులుంటాందని అనుకున్న్యా. అదే సమయాన మా దోసపాదు మీద కోతులు పడినాయి. కాయలు మాయమైతాండె. మా అత్త పెంటదిబ్బ కాడ నిలబడి, "మీ కొంపలు గూల, మీ తోకలు తెగ" అని కోతుల్ను తిడితే నాలుగిండ్లకు వినబడేది. నేనెప్పుడు తొంగిచూసినా ఒక్క కోతి కనబడలేదు. ఆమె నోటికి భయపడి అంత బిరీన పారిపోతాండాయేమో అనుకున్న్యా. ఎంత తెలివో చూడు నాది!

అయిదో నెల వచ్చింది. లోపల చేపపిల్ల మాదిరి కదలడం తెలుస్తాండె. గాజులు మళ్ళీ మణికట్టు కాడికి వచ్చినాయి. నా అంత గెలిచినామె కర్నూల్లో లేదు.

ఒక దినం కొట్టు కాడికి అనుకున్నదానికంటే ముందే పోయినా. సయామప్ప లేడు, చేపలకని ఏటికి పోయినాడంట. ఆయన భార్య కొట్టు వెనక పీట మీద కూర్చోని కాయలు చెక్కుతాండె. పచ్చగా, పొడుగ్గా, చెక్కేకొద్దీ తెల్లటి పాలు కారతాండాయి. నేను ఆ కాయల్ను చూసి, ఆమె పక్కనుండే బేసిన్‌లో తురుము చూసి, మళ్ళీ కాయల్ను చూసినా.

బొప్పాయి. పచ్చి బొప్పాయి!

 బొప్పాయి తింటే కడుపు నిలబడదని మాకు ఉగ్గుపాలతో నేర్పిస్తారు. మా ఊర్లో కడుపుతో ఉండేటామె బొప్పాయి చెట్టు నీడలో కూడా నిలబడదు. నేను నెలన్నరగా, ఆకు తర్వాత ఆకు, ఇంకొంచెం పెట్టన్నా అని అడిగి మరీ తిన్న్యా! రెండు కడుపులు పోయిన అత్త ఇంట్లో ఉండి, ఆమె కండ్లు గప్పి తిన్న్యా!

"ఇది... దంచుడుకేనా?" అని అడిగినా. ఆమె నవ్వి తలూపింది. నా మొహం చూసి ఆమె నవ్వు ఆగిపోయింది. లేచి, చేతులు తిప్పి, ఏందేందో వాళ్ళ భాషలో చెప్పబోయింది. నేను వింటేగా! సీసా ఆడే పారేసి ఇంటి దారి పట్టినా. ఆమె చేతిలో రోకలి చేతిలోనే ఉండంగా, "అమ్మా! అమ్మా!" అని అరుచుకుంటా నా వెంట పడింది. జట్కావాళ్ళు బండ్లాపి చూస్తాండారు. ముందర నీళ్ళోసుకున్న పిల్ల పరిగెత్తడం, వెనక రోకలెత్తుకొని సయామామె. కర్నూలు రాజధాని అయినాక అంత వేడుక ఊరోళ్ళు ఇంకొకటి చూసి ఉండరు. గడియార స్తంభం కాడ రద్దీలో ఆమె వెనకబడిపోయింది.

తర్వాత రెండు దినాలు నేను పడిన బాధ పగవాళ్ళకు కూడా వద్దు. తేలు కుట్టిన దొంగ మాదిరి ఒక మూల కూర్చున్న్యా. నిమిషానికొకసారి కడుపు మీద చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. కదిలితే, అమ్మయ్య అనుకునేదాన్ని. రవ్వంతసేపు కదలకపోతే, అయిపోయింది, చంపేసినా, నా నాలిక కోసం నా బిడ్డను చంపుకున్న్యా అని ఏడ్చేదాన్ని. తిండి మళ్ళీ పోయింది. అది బొప్పాయని నీకు తెలుసా అని మా ఆయన్ను అడిగితే, ఆయన నీళ్ళు నమిలి, "మాయమ్మను అడుగు" అని డేరాకు పారిపోయినాడు. చూడు ఆ మనిషి ధైర్యం!

మా అత్త రెండుసార్లు అడిగింది. "మందు తెచ్చుకోవా?" అని. వద్దన్న్యా. "ఎందుకొద్దు?" అనింది. ఆమె నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. ఆ చెయ్యి తగలంగానే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయినా. ఆమె గోడతో చెప్పిన మాట గుర్తొచ్చి, కొంగు మొహం మీదికి లాక్కున్న్యా.

మూడో దినం పగటిపూట వాకిట్లో ఎవురో వచ్చిన అలికిడి. తొంగిచూస్తే సయామామె! చంకలో నా మిక్చరు సీసా, చేతిలో గుడ్డసంచి. అయిపోయింది నా బతుకు అనుకున్న్యా. ఆమె నోరు తెరిచేలోపల నేనే చెప్పేయల్లని మా అత్త కాళ్ళ కాడ కూలబడినా.

"అత్తా! నన్ను కొట్టు, తిట్టు. నీకు తెలియకుండా నేను ఈళ్ళ కొట్టుకు పోయి తిన్న్యా. మిక్చరంతా కాలవలో పోసినా. నెలన్నరగా బొప్పాయి తిన్న్యా అత్తా! నాకు తెల్దు అది బొప్పాయని. నీ బిడ్డలు పోయినట్లే నా బిడ్డ..." ఇంక ఏడుపు.

మా అత్త నన్ను చూడలేదు. సయామామెను చూసి, "రామ్మే, కూర్చో. ఎండన పడి వచ్చినావు," అనింది. చుట్టాన్ని పిలిచినట్లు పిలిచింది! సయామామె గడప కాడ చెప్పులు విడిచి, తెలిసిన ఇంట్లోకి వచ్చినట్లు వచ్చి కూర్చోని, గుడ్డసంచిలోంచి రెండు దోసకాయలు తీసి మా అత్త ముందర పెట్టింది. రవ్వంత వాడిపోయి ఉండాయి. వాటి నడుం మీద, చంద్రవంక మాదిరి, తెల్లటి మచ్చ.

నేను ఏడుపాపి ఆ మచ్చను చూసినా. కోతుల్ను తిట్టిన నోటిని చూసినా.

"మొదటి దినం వాడు వచ్చినప్పుడే అడిగినా," అనింది మా అత్త. వాడంటే మా ఆయన. "టార్పాలినంట! తెల్లారి నువ్వు కూడా అదే టార్పాలిన్ వాసనతో వస్తివి. నెత్తిన మల్లెపూలు పెట్టుకుంటే చేపలు మల్లెలైతాయా? కొడుకు చెవి మెలేస్తే అంతా కక్కినాడు. దంచుడంటే ఏందో పోయి చూస్తే, బొప్పాయి. పై ప్రాణం పైనే పోయింది నాకు."

"మరి నన్ను ఆపలేదే?"

"ఎట్ల ఆపుదు? నాలుగు నెలలకు మొదటిసారి తిన్న్యావు. ఆపితే తిండి లేక పోతావు, ఆపకపోతే కాయ తిని పోతావు. మొదటి దినం తిన్నది ఎట్లా తిన్న్యావు, దానికి నేను చేసేదేమీ లేదు. ఇరవై దినాలు నిన్ను చూస్తానే ఉన్న్యా, నిద్రలో కూడా. ఆయప్ప కాడికి పోయి, ఏమప్పా, మా కోడలు వస్తే ఆ కాయ వద్దు, నా దోసకాయ తురిమి పెట్టు, దానికి చెప్పొద్దు, చెప్తే నా మీద అలిగి అది కూడా మానేస్తాది అని చెప్పినా. ఆయప్ప మంచోడు. కాయ తీసుకున్న్యాడు గానీ నన్ను ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు."

గుడి ఎక్కడిదో, ఆంజనేయస్వామి ఎవురో నాకప్పుడు తెలిసింది. సీసాలో మూడు గీతలు ఎట్ల తగ్గేవో కూడా తెలిసింది. నేను బిరీన మందుకు పోవల్లని ఆమె కూడా పారబోసేదంట. అత్తాకోడండ్లం పోటీ పడి సర్కారు మిక్చరునంతా కాలవకు తాపినాం. పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగింది, ఊరంతా చూస్తాండాది. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

అయినా నా అనుమానం నన్ను విడవలేదు. "అత్తా, నువ్వు కాయిచ్చి వచ్చేస్తావు. వాళ్ళు మరిచిపోయి ఆ బేసిన్లోది వేసినారేమో, నీకేం తెలుసు?"

మా అత్త ముఖం చిట్లించింది. "ఏం తెలుసా? తినకుండా ఎట్ల తెలుస్తాది? నా కండ్ల ముందర తురిమించి, దంచించి, నేను ఒక ఆకు తిని చూసి, మిగిలిన తురుము నీకని వేరే గిన్నెలో మూత పెట్టించి వచ్చేది."

నేను మా అత్తను ఎగాదిగా చూసినా. బస్టాండు కొళాయి నీళ్ళు ఎవురు ముట్టినారో అని తాగని మనిషి. ఇంటి నుంచి చెంబు మోసుకొనిపోయే మనిషి. చచ్చిన ఎలక అని ముక్కు మూసుకున్న మనిషి, పొద్దున్నే స్నానం చేసి, ఆ పేటాయన బెంచీ మీద లారీ డ్రైవర్ల మధ్య కూర్చోని, ఆయన చేతి తిండి నాకంటే ముందు తినింది.

"ఎట్ల తిన్న్యావత్తా?"

"ఎట్ల తింటా? తింటి, కక్కితి. దోవలోనే కక్కితి. ఇంటికొచ్చి ఒక పూటంతా గోడకు పడి ఉండేదాన్ని, చూల్లేదా? నీ వేవిళ్ళు నీకు పోయి నాకొచ్చినాయి పో!"

నేను నవ్వినా. ఏడుస్తానే నవ్వినా. ఆమె మోకాళ్ళు పట్టుకొని, తల ఆన్చి నవ్వుతా ఏడుస్తాంటే, "చాల్లే, కడుపు కదులుతాది," అని కసిరింది. సయామామెకు ఏం అర్థమయిందో తెల్దు, ఆమె కూడా కండ్లు తుడుచుకొని నవ్వింది. మా అత్త లోపలికి పోయి ఆమెకు మజ్జిగ తెచ్చిచ్చింది, మేము తాగే లోటాతోనే. తర్వాత ఆ వాడిపోయిన దోసకాయలే చెక్కి తురిమి, మా రోట్లో వాళ్ళిద్దరూ దంచినారు. మిరపకాయలు ఎన్నని వాళ్ళిద్దరికీ పెద్ద వాదులాట. ఒకామె తెలుగులో, ఇంకొకామె సయాంలో. ఇద్దరికీ బాగానే అర్థమైతాండె.

బిడ్డ నిండు నెలలతో పుట్టింది. ఆడపిల్ల, రెండు చెవులూ శుభ్రంగా ఉండాయి. బిడ్డకు మూడో నెల వెళ్ళినాక, ఇంక భయమేముందిలే అని సయామప్ప కొట్టుకు పోయి అసలైన బొప్పాయి దంచుడు పెట్టించుకున్న్యా. చప్పగా ఉండె. దోసకాయే నయమన్న్యా. ఆయన నవ్వి, "మీ అత్త కూడా అదే అంటాదమ్మా," అన్న్యాడు.

'అంటాది' అన్న్యాడు, 'అనేది' అని అనలేదు. అది నాకు ఇంటికొచ్చినాక తట్టింది. మర్నాడు తెల్లారి మా అత్త స్నానం చేసి, కొంగులో ఏందో దోపుకొని, చెంబు కూడా లేకుండా బయలుదేరింది. "యాడికత్తా?" అన్న్యా. "గుడికి," అనింది నా పక్క చూడకుండా. ఎండెక్కినాక తిరిగొచ్చింది. కక్కిన మొహం కాదది, కడుపు నిండిన మొహం. ఆమె కంటే ముందు వాసన గడప దాటి లోపలికొచ్చింది.

 బిడ్డను ఒడిలో పడుకోబెట్టుకొని, రెండు తమలపాకులకు సున్నం రాసి, వక్క పెట్టి మడిచి ఆమె చేతికిచ్చినా. ఆమె నన్నొకసారి చూసి, తీసుకొని, నోట్లో వేసుకునింది.